మన్యపు చలిలో కారు బ్యాటరీ

విశాఖపట్టణం నుండి అరకులోయకు రోడ్డు మార్గాన సుమారు 115 కిలోమీటర్ల దూరం. శృంగవరపుకోట దాటిన కొంతసేపటికి ఘాట్ రోడ్డు మొదలవుతుంది. సముద్రతీరపు ఉక్కపోతలో బయలుదేరిన వాహనం మలుపు వెంట మలుపు ఎక్కుతూ, అనంతగిరి, గాలికొండ ప్రాంతాలను దాటి, సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న లోయలో ప్రవేశిస్తుంది. చలికాలపు సాయంవేళ ప్రయాణికులు ఉన్ని దుస్తులు కప్పుకొని గదులలోకి చేరుకుంటారు. కారు మాత్రం రాత్రంతా ఆరుబయట మంచులో నిలిచి ఉంటుంది. మరునాడు వేకువన తాళం తిప్పినప్పుడు ఇంజను గర్జనకు బదులు ‘టక్ టక్’మనే శబ్దం మాత్రమే వినిపించడం ఈ ప్రాంతపు డ్రైవర్లకు కొత్త అనుభవం కాదు. నిన్నటిదాకా చక్కగా నడిచిన బండి ఒక్క రాత్రిలో ఎందుకు మొరాయించింది? పక్కన ఉన్నవారు తడుముకోకుండా చెప్పే సమాధానం ఒక్కటే: బ్యాటరీ పోయింది. ఈ సమాధానం కొన్నిసార్లు నిజమే. కొన్నిసార్లు సగం నిజం. తరచుగా అది విచారణ జరపకుండానే ప్రకటించిన తీర్పు.

నగరంలో ఈ తొందరపాటు వలన కలిగే నష్టం కొన్నివేల రూపాయలు మాత్రమే. ఫోను చేస్తే మెకానిక్ వస్తాడు, పాత బ్యాటరీ తీసి కొత్తది బిగించి వెళతాడు. మన్యంలో అలా కాదు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో వాహనం చేరలేని గూడేలు ఇంకా ఉన్నాయి. ప్రసవవేదన పడుతున్న స్త్రీని, జ్వరంతో కదలలేని వృద్ధుని డోలీ కట్టి కొండ దిగువకు మోసుకొనిరావడం తరచుగా వార్తలకెక్కే విషయమే. అంతదూరం భుజాలమీద మోసుకొచ్చిన మనిషికోసం రోడ్డువారన ఎదురుచూస్తున్న జీపు ఆ క్షణాన కదలకపోతే, డోలీ ప్రయాణం ముగియలేదన్నమాటే. అటువంటి చోట బండి యజమానికి బ్యాటరీ గురించి తెలిసి ఉండడం తీరిక వేళల సరదా కాదు, అవసరం. మేలైన సంగతి ఏమంటే, బ్యాటరీ సాధారణంగా చెప్పకుండా చనిపోదు. కొన్ని వారాల ముందునుంచే సంకేతాలు ఇస్తుంది. వాటిని గుర్తించడానికి ఉన్నత పాఠశాలలో చదువుకున్న విద్యుత్తు పాఠం, కొన్ని వందల రూపాయలకు దొరికే ఒక మల్టీమీటరు, వీటికి తోడు ఒక క్రమపద్ధతి ఉంటే చాలు.

మోటారు వాహనాల తొలి రోజులలో ఇంజనును మేల్కొలపడానికి మనిషి కండబలమే ఆధారం. బండి ముందుభాగంలో ఇనుప హ్యాండిలు దూర్చి బలంగా తిప్పేవారు. ఒక్కొక్కప్పుడు ఇంజను ఎదురు తన్నితే మణికట్టు విరిగేది. చార్లెస్ కెటరింగ్ అనే అమెరికన్ ఇంజనీరు రూపొందించిన విద్యుత్ స్టార్టరును 1912లో కాడిలాక్ కార్లకు అమర్చడంతో ఈ బాధ తొలగడం మొదలయింది. మనిషి సాయం లేకుండా తనంత తానే ఇంజనును తిప్పుతుంది కనుక మన మెకానిక్కులు దానిని నేటికీ ‘సెల్ఫ్’ అని పిలుస్తారు. ఆ మోటారుకు శక్తినిచ్చే సీసపు బ్యాటరీ అంతకంటె పాతది. ఫ్రాన్సు దేశీయుడైన గాస్టన్ ప్లాంటే 1859లో దానిని నిర్మించాడు. 1881లో కామిల్ ఫోర్ సీసపు పలకలకు సీసపు ఆక్సైడు ముద్దను పట్టించే విధానం కనుగొన్న తరువాత వాటిని పెద్ద సంఖ్యలో తయారు చేయడం సాధ్యమయింది. తిరుపతి సమీపంలోని కరకంబాడిలో అమర రాజా సంస్థ తయారుచేసే కారు బ్యాటరీకైనా మూలసూత్రం ప్లాంటే నాటిదే. ప్రపంచంలో ఇంత కాలం ఇంత తక్కువ మార్పుతో మనుగడ సాగించిన యంత్రభాగాలు అరుదు.

కారు బ్యాటరీ లోపల ఆరు గదులు ఉంటాయి. ఒక్కొక్క గదిని ఘటం అంటారు. ప్రతి ఘటంలోను సీసపు డయాక్సైడు పూసిన ధన పలకలు, మెత్తని సీసంతో కూడిన ఋణ పలకలు సజల గంధకామ్లంలో మునిగి ఉంటాయి. ఒక ఘటం రెండు వోల్టులకు కొంచెం పైగా విద్యుత్ పీడనాన్ని ఇస్తుంది. ఆరింటిని ఒకదాని వెంట ఒకటి కలపగా నిండు బ్యాటరీకి దాదాపు 12.6 వోల్టులు వస్తాయి. విద్యుత్తును వాడుకొనే కొద్దీ రెండు రకాల పలకలమీదా సీసపు సల్ఫేటు పొర ఏర్పడుతుంది, ఆమ్లం పలచబడుతుంది. తిరిగి చార్జి చేసినప్పుడు ఆ పొర కరిగి, ఆమ్లం చిక్కబడుతుంది. ఈ రాకపోకలు సక్రమంగా జరిగినంతకాలం బ్యాటరీ ఆరోగ్యంగా ఉన్నట్లే. ఖాళీ అయిన బ్యాటరీని వారాల తరబడి అలాగే వదిలివేస్తే, డబ్బాలో చక్కెర తేమకు గడ్డకట్టినట్లు ఆ సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా మారుతుంది. తరువాత ఎంత చార్జి చేసినా అది పూర్తిగా కరగదు. పలకలో అంతమేరకు పనికిరాకుండా పోతుంది. వాడకుండా నిలిపి ఉంచిన కార్ల బ్యాటరీలు నిత్యం తిరిగే కార్ల బ్యాటరీలకంటె ముందుగా పాడవడానికి కారణం ఇదే.

బ్యాటరీ చేసే ప్రధానమైన పని కొన్ని క్షణాలలో ముగుస్తుంది. తాళం తిప్పినప్పుడు సెల్ఫ్ మోటారు వంద ఆంపియర్లకు మించిన ప్రవాహాన్ని ఒక్క గుక్కలో తాగుతుంది. పెద్ద డీజిల్ జీపు ఇంకా ఎక్కువ కోరుతుంది. ఇంజను అందుకున్న తరువాత ఆల్టర్నేటరు బాధ్యత తీసుకుంటుంది. మన మెకానిక్కులు పాత అలవాటు కొద్దీ దీనిని డైనమో అంటారు. ఇంజను నుండి బెల్టు ద్వారా తిరిగే ఈ యంత్రం దీపాలు, వైపర్లు మొదలైన వాటికి విద్యుత్తును సరఫరా చేస్తూ, బ్యాటరీ చేసిన అప్పును కూడా తీరుస్తుంది. సంతకు పోయి వచ్చే రెండు మూడు కిలోమీటర్ల ప్రయాణంలో ఆ అప్పు పూర్తిగా తీరదు. పొగమంచులో హెడ్ లైట్లు, వైపర్లు, అద్దపు హీటరు అన్నీ వేసుకొని మెల్లగా సాగే బండిలో ఇంకా కష్టం. రోజూ కొంత కొంత మిగిలిపోయిన బాకీ ఒకనాటి వేకువన ఒక్కసారిగా బయటపడుతుంది.

అయితే చలి చేసే పని ఏమిటి? రసాయన చర్యల వేగం ఉష్ణోగ్రతపై ఆధారపడుతుంది. 25 డిగ్రీల వద్ద పూర్తి శక్తినిచ్చే బ్యాటరీ సున్నా డిగ్రీల సమీపాన ఇంచుమించు అయిదవ వంతు శక్తిని కోల్పోతుంది. అదే చలికి ఇంజనులోని నూనె చిక్కబడి, దానిని తిప్పడానికి ఎక్కువ బలం కావలసి వస్తుంది. ఇచ్చేవాని చేతిలో తగ్గినప్పుడే పుచ్చుకొనేవాని కోరిక పెరిగిందన్నమాట. చింతపల్లి మండలంలోని లంబసింగిలో, స్థానికులు కొర్రబయలు అని పిలిచే ఆ ఊరిలో, కొన్ని శీతాకాలపు రాత్రులు ఉష్ణోగ్రత సున్నాకు చేరువగా దిగుతుంది. ఆరోగ్యవంతమైన బ్యాటరీకి ఆ మాత్రం చలి లెక్కలోనిది కాదు. హిమాలయ ప్రాంతాలలో అంతకంటె ఎంతో తక్కువ ఉష్ణోగ్రతలో కార్లు నడుస్తున్నాయి.

నిజానికి బ్యాటరీకి అసలు శత్రువు వేడి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుర్దాయం ఇంచుమించు సగానికి తగ్గుతుందని సాంకేతిక నిపుణులు లెక్కవేస్తారు. వేడికి నీరు ఆవిరవుతుంది, పలకల చట్రాలు లోలోపల క్షయమవుతాయి. కాని ఎండాకాలంలో ఇంజను సులభంగా తిరుగుతుంది కాబట్టి ఆ బలహీనత బయటకు కనిపించదు. విశాఖపట్టణపు మే నెలలో తగిలిన జబ్బు అరకులోయ డిసెంబరులో బయటపడుతుంది. నింద మాత్రం అరకు చలికి దక్కుతుంది. కొండలకు ప్రయాణం పెట్టుకొన్నవారు బయలుదేరేముందే, అంటే మైదానంలోనే, బ్యాటరీని పరీక్షించుకోవాలి అనడానికి కారణం ఇది.

ఇక బండి కదలనప్పుడు చేయవలసిన విచారణ చూద్దాం. మొదటి సాక్షి శబ్దం. తాళం తిప్పగానే వేగంగా ‘టకటకటక’ వినిపిస్తే, సెల్ఫ్ మోటారుకు కొంత విద్యుత్తు అందుతున్నది కాని చాలడం లేదని అర్థం. బ్యాటరీ ఖాళీ అయి ఉండవచ్చు, లేదా దాని కొనలవద్ద బిగింపు వదులై ఉండవచ్చు. గట్టిగా ఒకే ఒక్క ‘టక్’ వినిపించి ఆగిపోతే సెల్ఫ్ మోటారును, దాని స్విచ్చిని కూడా అనుమానించాలి. ఏ శబ్దమూ లేకుంటే తీగ ఎక్కడో తెగిపోయిందో, తాళపు స్విచ్చి పాడయిందో, ఫ్యూజు కాలిపోయిందో చూడాలి. ఆటోమేటిక్ గేర్ల బండి అయితే మీట పార్కింగులో గాని న్యూట్రల్‌లో గాని ఉన్నదో లేదో ముందుగా చూడడం మంచిది. పెద్ద లోపమని బెంగపడినవారు ఇంత చిన్న కారణానికి తరువాత నవ్వుకొన్న సందర్భాలు లేకపోలేదు. ఇంజను చురుకుగా తిరుగుతూ అందుకోవడం మాత్రమే లేకపోతే బ్యాటరీని వదిలిపెట్టవచ్చు. లోపం ఇంధనంలోనో, స్పార్కు ప్లగ్గులవద్దనో ఉంటుంది.

రెండవ సాక్షి వెలుగు. హెడ్ లైట్లు వేసి ఉంచి, ఒకరిని ఎదుట నిలబెట్టి, తాళం తిప్పాలి. దీపాలు దాదాపు ఆరిపోయేంతగా మసకబారితే బ్యాటరీలో శక్తి లేదు, లేదా శక్తి వెళ్ళే దారిలో అడ్డంకి ఉంది. దీపాలు ఏమాత్రం తగ్గకుండా వెలుగుతూ, మోటారు మాత్రం కదలకుంటే బ్యాటరీ నిర్దోషి. విద్యుత్తు సెల్ఫ్ మోటారు వరకు చేరడమే లేదు. ఈ పరీక్షకు ఏ పరికరమూ అవసరం లేదు, ఒక నిమిషం కంటె ఎక్కువ సమయం పట్టదు. అయినా బ్యాటరీ కొనడానికి పోయేముందు దీనిని చేసి చూసేవారు తక్కువ.

మూడవ సాక్షి మల్టీమీటరు. దానిని 20 వోల్టుల డి.సి. స్థానంలో ఉంచి, ఎర్ర తీగను బ్యాటరీ ధన ధ్రువానికి, నల్ల తీగను ఋణ ధ్రువానికి తాకించాలి. వేకువన బండి తీయకముందు చూడడం ఉత్తమం. రాత్రంతా విశ్రాంతిగా ఉన్న బ్యాటరీ నిజం చెబుతుంది. ఇప్పుడే నడిచి వచ్చిన బండిలో మాత్రం అంకె అసలు కంటె ఎక్కువగా కనిపిస్తుంది. 12.6 లేదా ఆపైన ఉంటే నిండుగా ఉన్నట్లు. 12.4 అయితే ముప్పావు వంతు, 12.2 అయితే సగం. 12 కంటె తగ్గితే దాదాపు ఖాళీ. అర వోల్టు తేడాలో ఇంత వ్యత్యాసం ఇమిడి ఉండడం విద్యార్థులకు వింతగా తోచవచ్చు. అందుకే ఇక్కడ దశాంశ బిందువు తరువాతి అంకెకు అంత విలువ. ఆ పైన, ఇంకొకరు తాళం తిప్పుతుండగా మీటరును గమనించాలి. ఆ శ్రమలో కూడా వోల్టేజి 9.6కు తగ్గకుండా నిలబడితే బ్యాటరీకి సత్తువ ఉన్నట్లే. విశ్రాంతిలో 12.6 చూపి, తాళం తిప్పగానే ఆరేడు వోల్టులకు కూలిపోయే బ్యాటరీని నమ్ముకొని ఘాట్ రోడ్డు ఎక్కకూడదు.

బ్యాటరీకి సత్తువ ఉండి కూడా మోటారు తిరగకుంటే అడ్డంకి దారిలోనే ఉంటుంది. మన్యంలో వర్షం, పొగమంచు ఎక్కువ కావడం వలన బ్యాటరీ కొనలపై తెల్లగానో, పచ్చగానో చిలుము పేరుకుంటుంది. పైకి గట్టిగా బిగించినట్లు కనిపించే క్లాంపు లోపలివైపు ఈ చిలుము పలుచని తెరవలె అడ్డుపడుతుంది. చిన్న దీపానికి సరిపడే విద్యుత్తు ఆ తెరను దాటగలదు. వంద ఆంపియర్ల ప్రవాహం దాటలేదు. దీపాలు వెలుగుతున్నా బండి కదలకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. దీనిని పట్టుకొనే ఉపాయం సులభం. మీటరు ఒక కొనను బ్యాటరీ సీసపు బొడిపెమీద, రెండవ కొనను దానికి బిగించిన క్లాంపుమీద ఉంచి తాళం తిప్పించాలి. ఆ రెండూ ఒకదానికొకటి అంటుకొని ఉన్నాయి కనుక తేడా సున్నాకు దగ్గరగా ఉండాలి. 0.2 వోల్టులు దాటితే అక్కడే లోపం. ఇదే విధంగా ఋణ ధ్రువానికి, ఇంజను లోహానికి మధ్య కూడా పరీక్షించాలి. ఇంజనును, బాడీని, బ్యాటరీని కలిపే ఎర్త్ పట్టీ తుప్పుపట్టడం పాత జీపులలో సర్వసాధారణం. ఈ పట్టీ ఖరీదు బ్యాటరీ ధరతో పోల్చదగినది కాదు. అయినా దానికి బదులుగా బ్యాటరీలు మార్చినవారున్నారు.

బండి ఎలాగో కదిలిన తరువాత కూడా పరీక్ష ముగియలేదు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ కొనలవద్ద 13.8 నుండి 14.4 వోల్టుల వరకు చూపించాలి. 13 కంటె తక్కువగా ఉంటే డైనమో చార్జి చేయడం లేదు. బెల్టు వదులయిందో తెగిందో ముందు చూడాలి. 15కు చేరితే అవసరానికి మించి చార్జి చేస్తూ బ్యాటరీలోని నీటిని మరిగిస్తున్నదన్నమాట. కొత్త నమూనా కార్లలో కంప్యూటరు అవసరాన్నిబట్టి ఈ అంకెను కొంతసేపు తగ్గించి ఉంచుతుంది. కాబట్టి హెడ్ లైట్లు వేసి చూసిన తరువాతే నిర్ణయానికి రావాలి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి, ‘బండి ఆగలేదు కనుక డైనమో బాగుంది’ అని తేల్చే పాత పద్ధతి ఒకటి ఉంది. నేటి కార్లలో అలా చేస్తే ఒక్కసారిగా ఎగసే వోల్టేజికి డైనమోలోని డయోడులు, కంప్యూటరు దెబ్బతింటాయి. ఎంత అనుభవజ్ఞుడు చేయబోయినా దానిని అడ్డుకోవాలి.

అన్నీ సవ్యంగా ఉండి, రాత్రికి రాత్రే బ్యాటరీ ఖాళీ అవుతుంటే ఎక్కడో దొంగ వాడకం ఉందన్నమాట. ఒక లెక్క చూద్దాం. చిన్న కారు బ్యాటరీ సామర్థ్యం 35 ఆంపియర్ గంటలు అనుకుందాం. మరచి వదిలిన రెండు 55 వాట్ల హెడ్ లైట్లు సుమారు 9 ఆంపియర్లు తీసుకుంటాయి. నాలుగు గంటలు తిరగకముందే బ్యాటరీ అడుగంటుతుంది. ఇంజను తిప్పే బలం అంతకంటె ముందే పోతుంది. గడియారం, అలారం వంటివి నిలిచిన బండిలో కూడా కొద్దిగా తాగుతూనే ఉంటాయి. అది 50 మిల్లీ ఆంపియర్లలోపు ఉండడం సహజం. ఆ లెక్కన రోజుకు 1.2 ఆంపియర్ గంటలు. రెండు వారాలు కదలకుండా నిలిపిన కారు సగం ఖాళీ అవుతుంది. దీనిని మించి తాగేవాటిని పట్టుకోవాలంటే మీటరును 10 ఆంపియర్ల స్థానంలో ఉంచి, ఋణ ధ్రువపు తీగ తీసి, ఆ తీగకు, ధ్రువానికి మధ్య మీటరును కలపాలి. తలుపులు మూసి, కారు కంప్యూటరు నిద్రపోయేవరకు అరగంట వేచి ఉండి, అంకె ఎక్కువగా ఉంటే ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీస్తూ పోవాలి. ఏ ఫ్యూజు తీసినప్పుడు అంకె పడిపోతుందో దొంగ ఆ దారిలోనే ఉన్నాడు. మీటరు అలా కలిపి ఉండగా తాళం తిప్పితే మీటరు లోపలి ఫ్యూజు కాలిపోతుంది. నా ఉద్దేశంలో ఈ దొంగలలో అధిక సంఖ్యాకులు యజమాని ముచ్చటపడి బిగించుకొన్నవే: పెద్ద స్పీకర్లు, రంగురంగుల దీపాలు, అదనపు ఫాగ్ లైట్లు. తీగల పైతొడుగును కొరికే ఎలుకల వంతు తరువాతిది.

ఫ్యూజు కాలిపోతే అదే అంకెగల ఫ్యూజు మాత్రమే పెట్టాలి. 10 ఆంపియర్లది ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. సిగరెట్ పెట్టెలోని వెండికాగితం, రాగితీగ చుట్టి పని గడుపుకొనేవారు ఫ్యూజును కాపాడి తీగలను కాల్చుకుంటున్నారు. అడవి మధ్య నిప్పంటుకొన్న బండిని ఆర్పడానికి అక్కడ ఎవరూ ఉండరు.

రోడ్డుమీద చిక్కుకొన్నప్పుడు వేరే బండి బ్యాటరీ నుండి శక్తి తీసుకోవడం అందరెరిగిన ఉపాయమే. కొండదారిలో సాయానికి వచ్చేది తరచుగా లారీయో బస్సో అవుతుంది. వాటిలో అధికభాగం 24 వోల్టులవి. వాటిని 12 వోల్టుల కారుకు కలిపితే కారులోని ఎలక్ట్రానిక్ భాగాలన్నీ పాడవుతాయి, బ్యాటరీ పేలవచ్చు కూడా. కాబట్టి ముందు అడగవలసిన ప్రశ్న ఎన్ని వోల్టులు అనేది. సాటి 12 వోల్టుల బండి దొరికితే, ఎర్ర కేబులును మొదట ఖాళీ బ్యాటరీ ధన ధ్రువానికి, రెండవ కొనను నిండు బ్యాటరీ ధన ధ్రువానికి తగిలించాలి. నల్ల కేబులును నిండు బ్యాటరీ ఋణ ధ్రువానికి తగిలించి, చివరి కొనను కదలని బండి ఇంజనులోని రంగు లేని లోహభాగానికి, బ్యాటరీకి దూరంగా కలపాలి. చివరి కలయికవద్ద నిప్పురవ్వ పుడుతుంది. చార్జి అయ్యే బ్యాటరీనుండి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. ఆ రెండింటినీ దూరంగా ఉంచడమే ఈ క్రమంలోని రహస్యం.

మరొక ఉపాయం బండిని తోసి గేరులో వదలడం. మామూలు గేర్ల బండికి, అదీ బ్యాటరీలో కొంతైనా ప్రాణం మిగిలి ఉన్నప్పుడు, ఇది పనిచేస్తుంది. ఆటోమేటిక్ బండికి పనికిరాదు. ఘాట్ రోడ్డులో పల్లం చూడగానే బండిని దొర్లించాలనే ఆశ పుడుతుంది. ఇంజను నడవనప్పుడు బ్రేకులకు అందే అదనపు బలం ఉండదు, స్టీరింగు బరువెక్కుతుంది. ఇంజను అందుకోకముందే మలుపు ఎదురయితే పెడలుమీద నిలబడి తొక్కినా బండి ఆగడం కష్టం. చదునైన నేలమీద నలుగురు తోయగలిగినప్పుడే ఆ పని చేయాలి.

ఇంతవరకు రాకుండా చూసుకోవడం ఇంటివద్ద చేయగల పని. మూతలు తీయడానికి వీలున్న బ్యాటరీలో నెలకొకసారి నీటిమట్టం చూడాలి. పలకలు పూర్తిగా మునిగి, గుర్తువరకు ద్రవం ఉండాలి. తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి, ఆమ్లం పోయకూడదు. ఆవిరయ్యేది నీరే, ఆమ్లం లోపలే ఉంటుంది. గెడ్డలో పారే నీరు, కొండ ఊట నీరు అద్దంలా స్వచ్ఛంగా ఉంటుంది కదా, అది పోస్తే ఏమవుతుందని కొందరి సందేహం. దీనికి జవాబు బొర్రా గుహలలో వేలాడుతున్నది. సున్నపురాతి పొరలలోనుండి దిగిన తేటనీరు, తనలో కరిగిన ఖనిజాన్ని చుక్క చుక్కగా వదలడం వలన యుగాల పర్యంతం ఏర్పడినవే అక్కడి శిలాకృతులు. కంటికి తేటగా ఉన్న నీటిలో ఎంత రాయి దాగి ఉంటుందో చూడాలంటే ఆ గుహలకంటె మంచి ప్రదర్శనశాల లేదు. అటువంటి ఖనిజాలు, ముఖ్యంగా ఇనుము, క్లోరైడులు పలకలను పాడుచేస్తాయి. దుకాణంలో అమ్మే మినరల్ వాటర్ కూడా పనికిరాదు. ఆ సంగతి దాని పేరే చెబుతున్నది.

మూతలు తీయగల బ్యాటరీలో హైడ్రోమీటరుతో ద్రవపు సాపేక్ష సాంద్రతను కూడా కొలవవచ్చు. నిండు బ్యాటరీలో అది 1.26 నుండి 1.28 వరకు ఉంటుంది. ఆరు ఘటాలలో అయిదు సమానంగా ఉండి ఒకటి మాత్రం బాగా తగ్గితే ఆ ఘటం చెడిపోయింది. అప్పుడు కొత్త బ్యాటరీ కొనడం న్యాయమైన నిర్ణయం. నీరు పోయనవసరంలేని మూసిన బ్యాటరీలకు పైన చిన్న గాజుకన్ను ఉంటుంది. ఆకుపచ్చగా కనిపిస్తే బాగున్నదని చెబుతారు. కాని ఆ కన్ను ఆరు గదులలో ఒక్క గదిని మాత్రమే చూస్తుంది. మీటరు మాటే నమ్మదగినది.

చిలుము తీసేటప్పుడు ఉంగరాలు, గాజులు, గడియారం తీసి పక్కన పెట్టాలి. ముందుగా ఋణ ధ్రువపు తీగను, తరువాత ధన ధ్రువపు తీగను విప్పాలి. బిగించేటప్పుడు ధన ధ్రువం ముందు. ఈ వరుస పాటిస్తే స్పానరు పొరపాటున బాడీకి తగిలినా నిప్పు రాదు. గోరువెచ్చని నీటిలో తినే సోడా కలిపి పాత టూత్ బ్రష్షుతో రుద్దితే ఆమ్లం విరిగి చిలుము పొంగి ఊడిపోతుంది. ఆ నీరు మూతలగుండా లోపలికి పోకుండా చూడాలి. ఆరిన తరువాత క్లాంపులు బిగించి పైన వాసెలిన్ పూస్తే వానాకాలమంతా నిశ్చింత. వారాలపాటు బండి తీయనివారు ఋణ ధ్రువపు తీగ విప్పి ఉంచడమో, నెలకొకసారి చార్జరుతో నింపడమో చేయాలి. చార్జరు ప్రవాహం బ్యాటరీ సామర్థ్యంలో పదవ వంతు ఉంటే మేలు. 35 ఆంపియర్ గంటల దానికి మూడున్నర ఆంపియర్లు. గాలి ఆడే చోట, పొయ్యికి, అగరువత్తికి, బీడీకి దూరంగా ఈ పని జరగాలి. క్లాంపులు తీసేముందు చార్జరు స్విచ్చి ఆపాలి. ఆమ్లం కంట్లో పడితే వేరే చిట్కాలు వెదకకుండా కనీసం పావుగంటసేపు ధారగా నీటితో కడుగుతూ, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

నిజంగా ఆయువు తీరిన బ్యాటరీ విషయం మిగిలింది. దానిలో అధికభాగం సీసమే. వలకు గుండ్లు పోసుకోవడానికని పాత బ్యాటరీలు పగలగొట్టి, ఇంటి పొయ్యిమీద సీసం కరిగించేవారున్నారు. ఆ పొగ, ఆ బూడిద పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తాయి. శరీరంలో ఇంత సీసం ఉన్నా ప్రమాదం లేదనదగిన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పారబోసిన ఆమ్లం చివరికి చేరేది కింది గూడెం వారు నీళ్ళు ముంచుకొనే గెడ్డలోకే. పాత బ్యాటరీలను తిరిగి సేకరించాలని మనదేశంలో 2001లోనే నిబంధనలు వచ్చాయి. వాటి స్థానంలో 2022లో వచ్చిన నిబంధనలు ఆ బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచాయి. కొత్తది కొనేటప్పుడు పాతది అప్పగిస్తే దుకాణదారు దాని విలువను ధరలో తగ్గిస్తాడు. కాబట్టి పాడేరు నుండి గాని, అరకు నుండి గాని కొత్త బ్యాటరీ కోసం కొండ దిగేటప్పుడు పాతదానిని మూతలు బిగించి, నిటారుగా నిలబెట్టి, డిక్కీలో దొర్లకుండా కట్టి తీసుకుపోవాలి.